మెత్తని పెడల్

పళ్ల డాక్టరు పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు కొన్నది ఝామ్మని తిరగడానికి. అది ఝామ్మని తిరిగేది కూడా. ఆగడమే దానికి ఇష్టం ఉండేది కాదు.

ముదురాకుపచ్చ రంగు, గుడ్డ టాపు, రెండే సీట్లు. ఇంట్లో ఉన్నది నలుగురమని భార్య గుర్తు చేస్తే, అందరం ఒకేసారి వెళ్లాల్సిన పని ఏముంటుందని అడిగాడు. ఆవిడ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఈ లెక్క మాత్రం అక్కడితో వదిలేసింది.

వచ్చిన కొత్తలో కారు బాగానే ఆగేది. బాగున్నదాన్ని బాగు చేయాలనిపించడం డాక్టరుగారికి వృత్తిరీత్యా వచ్చిన గుణం. సెలవుల్లో ముందు చక్రాలను పట్టి ఆపే బ్రేకు కాలిపర్లు రెండూ విప్పి, కడిగి, కొత్త సీళ్లు వేసి, ఎర్ర రంగు పూసి, మురిపెంగా మళ్లీ బిగించాడు. ఆ రోజు నుంచి పెడల్ తొక్కితే దూదిపరుపు మీద కాలు పెట్టినట్టు ఉండేది.

అప్పుడు బావమరిది రంగంలోకి దిగాడు. ఇన్సూరెన్సు ఏజెంటు. అతనికి తెలియని విషయం లేదు కాబట్టి అక్కగారే అతనికి సర్వజ్ఞుడని పేరు పెట్టింది. పెడల్‌ని ఒక్కసారి బొటనవేలితో నొక్కి చూసి, పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్ పోయిందని తేల్చేశాడు. కొత్తది తెప్పించి వేశారు. పెడల్ మెత్తగానే ఉంది. అయితే రబ్బరు గొట్టాలు ఉబ్బుతున్నాయన్నాడు. అవీ మార్చారు. పెడల్ ఇంకా మెత్తబడింది. పాత ఇంగ్లీషు బండి స్వభావమే అంత, దాని మర్యాద దానికుంటుంది, ఆగమని కొంచెం ముందుగా చెప్పుకోవాలి అన్నాడు.

ఏది మార్చినా ఆ తర్వాత బ్రేకు ఆయిల్ లైన్లలో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. భార్య సీట్లో కూర్చునేది, డాక్టరు చక్రం పక్కన పడుకునేవాడు. తొక్కమంటే తొక్కేది, అతను కాలిపర్‌కున్న మర వదులు చేస్తే కాస్త ఆయిల్ కారేది, మర బిగించాక వదలమంటే వదిలేది. పెళ్లయిన కొత్తలో కూడా వాళ్లు అన్ని గంటలు ఒకేచోట ఉండి మాట్లాడుకున్నది లేదు.

ఒక ఆదివారం పొద్దున సర్వజ్ఞుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరు ట్రయల్‌కు బయల్దేరాడు. వీధి పల్లంలో పెడల్ నేరుగా నేలకు దిగిపోయింది. గబగబా మళ్లీ మళ్లీ తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగేసరికి కారు రిటైర్డు జడ్జిగారి గేటు ముందున్న పూలకుండీని పగలగొట్టి, అప్పుడు ఆగింది. జడ్జిగారు బయటికి వచ్చి, కుండీని, కారుని మార్చి మార్చి చూశారు.

"బ్రేకు వేశారా, వేయలేదా?"

"వేశాం సార్, పడలేదు," అన్నాడు సర్వజ్ఞుడు. అంతలోనే ఎవరో పాలసీదారు తన కోసం ఎదురు చూస్తున్న సంగతి గుర్తొచ్చి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి డాక్టరు క్లినిక్కులోనూ పరధ్యానంగానే ఉన్నాడు. సెలవు దొరికిన మధ్యాహ్నం మళ్లీ కారు కిందికి దూరి, టార్చి వేసి ఎడమ కాలిపర్ని చూస్తూ పడుకున్నాడు. గాలి తీసే మర కాలిపర్ అడుగున ఉంది. నూనెలో గాలి బుడగ పైకి పోతుందని అతను చిన్నప్పుడు బళ్లోనే చదువుకున్నాడు. పైకి పోయే గాలిని ఇన్నాళ్లూ కింది నుంచి రమ్మని పిలుస్తున్నాడు. పాకుతూ అటు వెళ్లి కుడిది చూశాడు. దాని మరా అడుగునే ఉంది. రంగు వేసిన మురిపెంలో ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించడంతో, పైన ఉండాల్సిన మరలు కిందికి వచ్చాయి.

ఎదుటివాడి నోట్లో ఎడమవైపు తనకు కుడివైపు అవుతుంది, ఆ అలవాటే కొంప ముంచిందేమోనని కాసేపు తనను తాను సమర్థించుకోబోయాడు. కారు అతని ఎదురుగా కూర్చుని నోరు తెరవలేదు కాబట్టి ఆ వాదన నిలబడలేదు.

చప్పుడు చేయకుండా రెండూ మార్చి బిగించాడు. ఎవరికీ చెప్పకుండా ముగించేద్దామనే అనుకున్నాడు గానీ, గాలి తీయాలంటే మళ్లీ భార్యను పిలవక తప్పలేదు. ఆవిడ దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. కాసేపు తొక్కి ఆగింది.

"ఇదేంటండీ, ఇప్పుడు రాయిలా ఉంది?"

డాక్టరు చక్రం చాటు నుంచే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అంటే ఇన్నాళ్లూ నేను తొక్కింది..."

"గాలిని."

ఆవిడ నవ్వుతుందేమో, నవ్వితే తనూ నవ్వేసి గండం గట్టెక్కుదామని చూశాడు. ఆవిడ నవ్వలేదు. తాళం ఇమ్మని చెయ్యి చాపింది.

ఆ కారును ఆవిడ నడపడం అదే మొదలు. డాక్టరు పక్క సీట్లో కూర్చుని, ప్రతి మలుపులోనూ తన వైపు లేని పెడల్‌ని కుడికాలితో నొక్కుతూనే ఉన్నాడు. పెద్ద రోడ్డు కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. కారు ఏ పక్కకీ లాగకుండా గీత ముందు బుద్ధిగా నిలబడింది. అతను కుడికాలు వెనక్కి తీసుకున్నాడు.

ఆ ధైర్యంతో, మీ తమ్ముడికి ఏం చెప్పమంటావని అడిగాడు.

"వాడు చెప్పిన సిలిండరే పనిచేసిందని చెప్పండి," అంది ఆవిడ గేరు వేస్తూ. "తన మాట తప్పని తెలిస్తే, ఒప్పేనని నిరూపించుకోవడానికి మళ్లీ వస్తాడు."

పచ్చదీపం వెలిగింది. ఇంటికి ఎడమవైపు తిరగాలి. ఆవిడ నేరుగా పోనిచ్చింది.