వంతు మారే చోటు

ఈమధ్య మా వీధిలో అందరికీ సైకిలు పిచ్చి పట్టింది. సందు చివరి కొట్లో పాల ప్యాకెట్టు తేవడానికి కూడా స్కూటరు తీసేవాళ్లు, తెల్లారేసరికి నెత్తిన హెల్మెట్టు, ఒంటికి అతుక్కుపోయిన నిక్కరుతో బారులు తీరుతున్నారు. చేతికి ఒక గడియారం. ఎంత దూరం తొక్కారో అది చెబుతుందట. తొక్కిన కాళ్లకు తెలియదు కాబోలు. ఇలా అందర్నీ ఆడిపోసుకునే నేనే, షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన వారానికి, యాభై మూడేళ్ల వయసులో సైకిలు కొన్నాను. వెనక క్యారియరు లేనిదే కావాలని పట్టుబట్టి మరీ కొన్నాను.

చిన్నప్పుడు అక్కకీ నాకూ కలిపి నాన్న ఒక్కటే సైకిలు కొన్నాడు. బడి నాలుగు కిలోమీటర్లు. సరిగ్గా సగం దారిలో కాలువ మీద వంతెన. అక్కడిదాకా ఒకరు తొక్కాలి, రెండోవాళ్లు వెనక కూర్చోవాలి. అక్కడ దిగి మారాలి. ఇది నాన్న పెట్టిన చట్టం. వంతు మారే చోటు కాబట్టే దాన్ని వంతెన అంటారని మేమిద్దరం గట్టిగా నమ్మాం. ఒకసారి మాస్టారు వంతెన అంటే ఏమిటని అడిగితే నేను లేచి అదే చెప్పాను. క్లాసంతా పడీపడీ నవ్వింది. దారిలో చెబితే అక్క మాత్రం, "వాళ్లకు సైకిలు ఉంటే కదే తెలిసేది" అంది.

ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. ఎప్పుడూ మొదటి సగం చిన్నదానిది, రెండో సగం పెద్దదానిది. పొద్దున వంతెన దాటాక బడిదాకా అంతా దిగుడే. కాలు కదపకుండా గాలిలో తేలిపోవచ్చు. అది అక్కకు. సాయంత్రం అదే దారి ఎగుడు. అది నాకు. లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

నాకు పదకొండు, అక్కకు పదమూడు. ఒక పొద్దున వంతెన వచ్చినా నేను ఆపలేదు. "ఆపవే, నా వంతు" అంటూ అక్క వెనకనుంచి వీపు మీద గుద్దింది. గుద్దేకొద్దీ నాకు మొండితనం పెరిగింది. సగం దిగుడులో పడ్డాం. నాకు మోచేతులు గీరుకున్నాయి. అక్కకు తుంటి ఎముక విరిగింది, మూడు రోజులు స్పృహ లేదు. ఎవరు తొక్కారని నాన్న అడిగాడు. అక్క అన్నాను. వంతెన దాటాక అక్క వంతే కదా, రెండో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

లేచాక అక్కకు ఆ పొద్దుటి సంగతి ఒక్కటీ గుర్తు లేదు. అందరూ చెప్పిందే నమ్మింది. నలభై రెండేళ్లుగా చంకకర్రలతో నడుస్తూ, "ఆ రోజు నిన్ను చంపేసి ఉండేదాన్నే" అని నా దగ్గరే బాధపడుతుంది. పెళ్లిళ్లు వద్దనుకుని ఇద్దరం ఆ పాత ఇంట్లోనే ఉండిపోయాం. ముందు గదిలో నేను బట్టలు కుడతాను, వెనక గదిలో ఆమె పుస్తకాలకు అచ్చుతప్పులు దిద్దుతుంది. నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. నిజం చెబితే ఆ ఒక్కతీ మిగలదని భయం. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను.

కొత్త సైకిలు వేసుకుని మొదటి రోజు ఆ బడి దారినే పోయాను. వేరే దారులన్నీ లారీలమయం. వంతెన ఇప్పుడు వెడల్పయింది, సైకిళ్ల కోసం పక్కన పచ్చరంగు గీత కూడా వేశారు. వంతెన దాటగానే బండి బరువెక్కింది. దిగుడులో కూడా పళ్లు బిగించి తొక్కాల్సి వచ్చింది. నా పక్కనుంచి కుర్రకారు అలా జారిపోతున్నారు. వయసు మీద పడిందిలే అనుకున్నాను.

నాలుగు రోజులూ అంతే అయ్యేసరికి సైకిలు షాపుకి తీసుకెళ్లాను. షాపతను చక్రం పైకెత్తి తిప్పాడు. ఆగకుండా తిరిగింది గానీ అటూ ఇటూ ఊగింది. వెనక స్పోకులు ఒక్కొక్కటీ వేలితో మీటి చూశాడు.

"దీని మీద ఇద్దరు ఎక్కుతున్నారా అమ్మా?"

"క్యారియరే లేదు కదయ్యా. ఎక్కడ కూర్చోబెడతాను, నీ నెత్తి మీదా?"

అతను నవ్వలేదు. "వెనక చక్రం ఒంగింది. ఒక్క మనిషి బరువుకు ఇలా ఒంగదు" అన్నాడు.

మర్నాడు వంతెన దాటగానే నా వీపు మీద దెబ్బ పడింది. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. మళ్లీ పడింది. ఎలా తిరిగొచ్చానో నాకే తెలియదు.

ఇంట్లో జాకెట్టు విప్పి అక్కను మందు రాయమన్నాను. ఆమె చల్లటి వేలు వీపు మీద కమిలిన మచ్చల చుట్టూ తిరిగింది.

"ఎవరో గుద్దినట్టుందే. పిల్లల పిడికిలంత ఉన్నాయి."

"గోడకు కొట్టుకున్నాలే."

ఆమె మందు మూత పెట్టింది. "నువ్వు సైకిలు తీస్తున్నప్పటినుంచీ తెల్లవారుజామున ఒకటే కల. క్యారియరు మీద కూర్చుని ఉంటాను. ముందున్న వీపును గుద్దుతూనే ఉంటాను. ఎవరిదో కనపడదు. తొక్కింది నేనైతే వెనక ఎందుకు కూర్చున్నానే?"

"కలలకు అర్థాలేమిటి, పడుకో" అన్నాను. నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

రేపో మాపో ఆమెకు ఆ వీపు ఎవరిదో కనపడుతుంది. ఈలోగా నేనే చెప్పాలి. పక్కగదిలో ఉన్న మనిషికి చెప్పలేనిది ఎక్కడ చెప్పగలనో తెలిసి, తెల్లారగానే సైకిలు తీశాను. ఈ సైకిలు కొన్నాక మొట్టమొదటిసారి వంతెన మీద బ్రేకు పట్టి దిగాను.

"ఆ రోజు నేనే తొక్కానక్కా. నేను ఆపలేదు" అన్నాను. ఏడుపొచ్చేసింది. "ఇదిగో. ఇది నీ వంతు."

చేతిలో హ్యాండిలు కదిలింది. సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. వదిలేశాను. సైకిలు పడిపోలేదు. పెడళ్లు ఒక్క చుట్టు తిరిగి ఆగాయి. అటుపైన తొక్కే పని లేదు కదా, దిగుడులో నిటారుగా, నెమ్మదిగా మొదలై, జోరందుకుని మలుపు తిరిగింది. నేను అక్కడే చతికిలబడ్డాను.

కిందనుంచి ఎక్కివస్తున్న ఒక హెల్మెట్టు అబ్బాయి నా దగ్గర ఆగాడు. "ఆ పాప మీ అమ్మాయా ఆంటీ? భలే తొక్కుతోంది. హెల్మెట్ పెట్టించండి" అని చెప్పి పోయాడు.

ఆ సైకిలు కోసం వెతకలేదు. రెండు కిలోమీటర్లు కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. అక్క మంచం మీద లేచి కూర్చుని ఉంది. తలుపులూ కిటికీలూ వేసి ఉన్న గదిలో ఆమె నెరిసిన జుట్టంతా రేగిపోయి ఉంది. గాలికి ఎదురెళ్లినట్టు కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"ఎంత బాగుంటుందే ఆ దిగుడు" అంది. తర్వాత నా వైపు చూసింది. "ఆ రోజు తొక్కింది నువ్వు."

"నేనే."

తిడుతుందనుకున్నాను. వెళ్లిపొమ్మంటుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె దుప్పటి అంచును వేళ్లతో సాపు చేసింది.

"నాన్న పోయే ముందురోజు నువ్వు మందులకు వెళ్లావు. ఆయన చెయ్యి పట్టుకుని, చెల్లిని పడేసినందుకు ఇప్పటికైనా క్షమించు నాన్నా అని అడిగాను. చెయ్యి లాక్కుని గోడవైపు తిరిగాడు. పోయేదాకా ఇటు తిరగలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు తనకు తెలియనిది నన్ను అడిగినట్టే అడిగింది.

"ఇప్పుడు ఆయనకెవరు చెబుతారే?"