వాచీ మూత లోపల మూడు గుర్తులు

గుంటూరు పట్నంబజారులో నేను కొట్టు తెరిచి రెండేళ్లయింది. బోర్డు మీద 'మెహర్ వాచ్ సర్వీస్' అని ఉంటుంది. పొట్టకూటికోసం పెట్టుకుందని అందరూ అనుకుంటారు. అబద్ధమెందుకు, నేను పెట్టింది ఒకే ఒక్క వాచీ కోసం.

ఆ వాచీ నాగేంద్రబాబుది. ఆయన మిరపకాయల కమీషన్ వ్యాపారి. బ్యాటరీ లేకుండా కీ మీద నడిచే స్విస్ వాచీ అది. అలాంటిది ఎంత ఖరీదైనదైనా సరే, ఐదారేళ్లకోసారి మొత్తం విప్పి, కడిగి, కొత్త నూనె వేయాల్సిందే. లేకపోతే నూనె ఎండిపోయి ఆగిపోతుంది. ఆగాక ఎవరో ఒకరి బల్ల మీదికి రాక తప్పదు. ఆ బల్ల నాదే కావాలని రెండేళ్లు ఎదురుచూశాను.

ఎనిమిదేళ్ల కిందట ఇదే కొట్టు మా నాన్నది. నాగూర్ వలి మేస్త్రీ ముట్టుకుంటే చచ్చిన గడియారం లేచి కూర్చుంటుందనేవాళ్లు. నాగేంద్రబాబు తన వాచీ నాన్న దగ్గరికే తెచ్చేవాడు. ఆయనకో వింత అలవాటు. రాహుకాలంలో బేరం ముగించడు. కానీ మిర్చియార్డులో బేరం ఆయన రాహుకాలం కోసం ఆగుతుందా? అందుకని కీ బయటికి లాగి, ముల్లు పావుగంట వెనక్కి తిప్పేసి, "నా వాచీలో ఇంకా రాలేదు" అంటూ బేరం కానిచ్చేవాడు. ఆ తర్వాత కీ బిగించేవాడు కాదు. ఆ సందులోంచి మిరప దుమ్మంతా లోపలికి పోయేది.

ఆ రోజు నాన్న వాచీ బాగుచేసి, ఎదురుగా ఆదెయ్య టీకొట్టు దగ్గరున్న ఆయన చేతికిచ్చాడు. "బాబుగారూ, రాహుకాలాన్ని మోసం చేస్తే చేశారుగానీ కీ మాత్రం బిగించండి. లోపల పచ్చడి నూరేంత కారం ఉంది" అన్నాడు. ఎగతాళి కాదు, పనివాడి మాట. కానీ టీ తాగుతున్న వాళ్లంతా పగలబడి నవ్వారు.

నాగేంద్రబాబు ముఖం కందగడ్డయింది. "నా సామాన్లు మార్చేసి కబుర్లు చెప్తన్నావురా దొంగనాకొడకా! అసలు సరుకు కాజేసి బొంబాయి నకిలీ సరుకేశావు!" అని అరిచి, నాన్న చెంప ఛెళ్లుమనిపించాడు. అప్పటిదాకా నవ్విన నోళ్లే "ఏమో, అయ్యుండొచ్చు" అన్నాయి.

దొంగ అన్న పేరు పడ్డవాడికి వాచీ ఎవడిస్తాడు? పదిహేను రోజుల్లో నాన్న కొట్టు మూసేశాడు. నల్లపాడు రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. అప్పట్నుంచీ ఈ బజారులో అడుగుపెట్టలేదు. ఒంట్లో బాగోక ఆసుపత్రికి పోవాల్సి వచ్చినా చుట్టూ తిరిగి పోయేవాడు. నా కడుపు మండిపోయేది. చెన్నైలో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో ఐదేళ్లు పనిచేసి, తిరిగొచ్చి పట్టుబట్టి ఈ కొట్టే అద్దెకు తీసుకున్నాను. "ఊళ్లో ఇంకెక్కడా దొరకలేదా అమ్మా?" అన్నాడు నాన్న.

మొన్న జూలై పన్నెండున ఆ వాచీ రానే వచ్చింది.

"ఆగిపోయిందమ్మా" అన్నాడు నాగేంద్రబాబు కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "కంపెనీవాళ్లనడిగితే బొంబాయి పంపాలి, రెణ్నెల్లు పడుద్దన్నారు. శుక్రవారం మా వర్తక సంఘం అధ్యక్షుడిగా నా ప్రమాణస్వీకారం. అచ్చొచ్చిన వాచీ, ఇది చేతికి లేకుండా సంతకం పెట్టను. నువ్వు చెన్నైలో చేసొచ్చావంటగా?"

నేనెవరో ఆయనకు తెలియదు. ఆయన కళ్లముందే వెనక మూత విప్పాను. మా పనిలో ఒక ఆచారముంది. వాచీ విప్పిన ప్రతి మేస్త్రీ ఆ మూత లోపలివైపు సూదిమొనతో తన గుర్తు, తేదీ గీస్తాడు. బయటికి కనపడదు, తర్వాత విప్పేవాడికే తెలుస్తుంది. భూతద్దం కంటికి పెట్టుకుని చూశాను. నాన్న గుర్తు 'వ', పక్కన 3-8-17. దాని కింద ఇంగ్లీషులో ఒక నంబరు, 24-8-17.

"తర్వాత వేరేచోట కూడా విప్పించారా?" అన్నాను.

"హైదరాబాదులో కంపెనీవాళ్లకి చూపించా. ఈ కొట్లోనే ముందు ఒక మేస్త్రీ ఉండేవాడులే, సామాను మార్చాడేమోనని అనుమానం. వాళ్లు మొత్తం విప్పి చూసి, ఒక్క మర కూడా మారలేదు, పని కూడా బ్రహ్మాండంగా చేశాడన్నారు."

"ఆ మాట ఆ మేస్త్రీకి చెప్పారా?"

"ఎందుకమ్మా చెప్పడం?" అని నవ్వాడు. "నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడు. పడుండనీలే అనుకున్నా."

పడుండనీలే! మూడు వారాల్లో నిజం తెలిసింది ఈ పెద్దమనిషికి. ఎనిమిదేళ్లు మా నాన్నను దొంగగా పడుండనిచ్చాడు.

నా చేతిలో పట్టకారు ఉంది. ఎదురుగా వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ఆ వాచీ జన్మలో సరిగ్గా నడవదు. నొక్కాలనిపించింది, ఒట్టు. కానీ నొక్కితే ఏమవుతుంది? వలి మేస్త్రీ వంశమే అంతని ఈ పాపిష్టోడి మాట నిజమవుతుంది. అందుకని పట్టకారు కింద పెట్టి, మూతకు ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. "బుధవారం రండి" అన్నాను.

నాలుగు రోజులు ఒళ్లు దగ్గరపెట్టుకుని చేశాను. ప్రతి మర విప్పి, ఎర్రటి దుమ్మంతా కడిగి, నూనె వేసి, కీ దగ్గర కొత్త రబ్బరు వేశాను. మూత లోపల మూడో గుర్తు గీశాను. 'మె', 16-7-25. దానికీ ఫొటో తీశాను.

బుధవారం నాగేంద్రబాబు వాచీ చెవి దగ్గర పెట్టుకుని మురిసిపోయాడు. "మళ్లీ ఎప్పుడు చేయించాలమ్మా?"

"మామూలు వాళ్లయితే ఐదేళ్లకు. మిరపకాయల్లో తిరిగే మీలాంటివాళ్లు మూడేళ్లకే చేయించాలి. ఎక్కడంటారా, మీ కళ్లముందు మూత విప్పే చోట. శుక్రవారం మీకొక ఫ్లెక్సీ కట్టిద్దామనుకుంటున్నానండీ."

"అబ్బో! కట్టించమ్మా, సంతోషం. ఆదెయ్య టీకొట్టు దగ్గర కట్టించు. ఊరేగింపు అక్కడే ఆగుద్ది."

ఆయన మాట ఎందుకు కాదంటాను? అక్కడే కట్టించాను.

శుక్రవారం పొద్దున నాన్నను టీ తాగుదాం రమ్మని బతిమాలి, చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకొచ్చాను. ఎనిమిదేళ్ల తర్వాత నాన్న ఆ మలుపు తిరిగాడు. టీకొట్టు నెత్తిన నా ఫ్లెక్సీ. తలుపంత మూత ఫొటో, మూడు గుర్తులు. దాని కింద రాయించాను: 'ఈ వాచీలో ఒక్క మర కూడా మారలేదు. ఆ సంగతి 24-8-17న హైదరాబాదులో తెలుసుకుని, ఎనిమిదేళ్లు ఎవరికీ చెప్పని నాగేంద్రబాబు గారికి హార్దిక శుభాకాంక్షలు. ఇట్లు, వలి మేస్త్రీ కూతురు మెహర్.'

డప్పులతో ఊరేగింపు వచ్చి ఆగింది. మెడలో గజమాలతో నాగేంద్రబాబు నవ్వుతూ తలెత్తాడు. ఆదెయ్య అక్షరమక్షరం బిగ్గరగా చదివాడు. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

"ఎవడ్రా ఇది కట్టింది? పీకండి!" అని అరిచాడు నాగేంద్రబాబు.

"మీరే కట్టమన్నారంటగా బాబుగారూ" అన్నాడు ఆదెయ్య.

నాన్న నా చెయ్యి విడిపించుకున్నాడు. జనాన్ని తప్పించుకుంటూ పోయి తిన్నగా ఆయన ముందు నిలబడ్డాడు. "బాబుగారూ, టైమెంతయిందండీ?"

బజారంతా నాగేంద్రబాబు మణికట్టు వైపే చూస్తోంది. చివరికి గొణిగాడు. "పదీ ఇరవై."

"సరిగ్గా నడుస్తోంది. ఇంకో పది నిమిషాల్లో రాహుకాలం. సంతకం పెట్టేది ఉందటగా, కీ మాత్రం లాగకండి."

బజారు పగలబడి నవ్వింది. ఆనాటి నవ్వే. నాగేంద్రబాబు చెయ్యి సగం లేచింది. నాన్న అంగుళం కూడా కదల్లేదు, చెంప కూడా తిప్పుకోలేదు. ఆ చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఉండి, మెల్లగా కిందికి దిగిపోయింది. ఊరేగింపు డప్పుల్లేకుండా ముందుకు కదిలింది.

నాన్న వచ్చి టీకొట్టు బల్ల మీద, ఆనాడు దెబ్బ తిన్న చోటనే కూర్చున్నాడు. కళ్లజోడు తుడుచుకుని ఫ్లెక్సీని కింద నుంచి పైదాకా చూశాడు. ఆయన కోప్పడతాడేమో అనుకున్నాను.

"ఇంకొంచెం పెద్దది వేయించకపోయావా అమ్మా?" అన్నాడు.