నూరిస్ ఇంటి కప్పెక్కిన ఇగ్వానాలు

ఎలియేసర్ వచ్చే సాయంత్రాల్లో నూరిస్ ఇంటి వసారాలో ఊగుడు కుర్చీలు మూడు పడేవి. రెండు ఎదురెదురుగా వాళ్లిద్దరికీ, మూడోది గుమ్మానికి అడ్డంగా నూరిస్ తల్లి డెల్సీకి. పిల్లకి ముప్పయ్యేళ్లు దాటినా సరే, మనసుపడి వచ్చినవాడు వసారాలోనే కూర్చోవాలి, ఇచ్చిన కాఫీ తాగాలి, దోమలతో కుట్టించుకోవాలి. శాంటా రీటాలో పద్ధతి అది. సముద్రపొడ్డుకి వెళ్లాక ఆ పద్ధతి ఏమవుతుందో డెల్సీ అడగదు, వాళ్లూ చెప్పరు.

ఆ ఒడ్డునే ఓ రాత్రి, బోర్లించిన పడవ చాటున, ముద్దులు ముదిరే వేళకి ఎలియేసర్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ఆగు. ముందు నీకో మాట చెప్పాలి. నాకు హెర్పిస్ ఉంది. కింద. అప్పుడప్పుడూ పొక్కులు లేస్తాయి, తగ్గిపోతాయి. జబ్బు మాత్రం ఒంట్లోంచి పోదు."

ఒక్క మాటా మింగలేదు పాపం. నూరిస్ "అలాగా" అంది. లేచి చెప్పులు వెతుక్కుంది.

తెల్లారేసరికి ఆమె ఇంటి రేకుల మీద ఇగ్వానాలు చేరాయి. ఆకుపచ్చ తొండల్లాంటివి, ఉడుములంతేసి.

ఆ ఊళ్లో అంతే. ఇంట్లో ఎవరికి భయం పట్టుకున్నా ఇగ్వానాలొచ్చి ఆ ఇంటి కప్పెక్కుతాయి. పరీక్షలప్పుడు బడిపిల్లల ఇళ్ల మీద బుల్లివి, తుఫానులప్పుడు చేపలవాళ్ల ఇళ్ల మీద ముదురువి. భయం తీరితే వాటి దారిన అవి దిగిపోతాయి. వాటిని ఎవరూ తరమరు.

"ఏంటి వదినా, మీ కప్పు మీద సంత పెట్టారు? గుండె జారింది ఎవరికి?" అని ఎదురింటి బేత్సాబే కేకేసింది.

"నాకేనమ్మా, పొద్దున్నే నీ మొహం చూసి!" అంది డెల్సీ. అంది గానీ, వారగా కూతురి వైపు చూసింది.

నూరిస్ ఎవరికీ చెప్పలేదు. ఎలియేసర్ లేచి వెళ్లగానే అతని కుర్చీని నిమ్మరసంతో తుడిచేది. అతను తాగిన కప్పు మరిగే నీళ్లలో వేసి అలా నిలబడిపోయేది.

"ఏమే, ఆ కప్పుతో పులుసు పెడుతున్నావా?" అంది డెల్సీ ఓ రోజు. నూరిస్ పొయ్యిలో మంట ఎగదోసింది.

నూరిస్ ఆరోగ్యకేంద్రానికి వెళ్లి అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. "కప్పుల వల్ల రాదు, కుర్చీల వల్ల రాదు. పొక్కులున్నప్పుడు దూరంగా ఉండండి. మిగతా రోజుల్లో తొడుగు వాడండి. అతను రోజూ మాత్ర వేసుకుంటే ప్రమాదం ఇంకా తగ్గుతుంది. దీంతో ఎంతోమంది హాయిగా కాపురాలు చేసుకుంటున్నారు. అయితే, అసలు రానే రాదని మాత్రం నేను మాటివ్వలేను." అంతా చెబితే ఈవిడగారి చెవికి ఆ చివరి ముక్కే ఎక్కింది! దోమ కుట్టినా ఉలిక్కిపడేది. తొడ దురద పెడితే తలుపేసుకుని అద్దం పట్టుకునేది. రేకుల కింద దూలం కిర్రుమంటుంటే పడుకుని పైకి చూస్తూ ఉండేది. అతన్ని వదులుకుంటే గానీ ఈ బతుకు బాగుపడదని చివరికి తేల్చుకుంది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆ మాట మొహాన చెప్పేద్దామని అతని ఇంటికి వెళ్లింది. పెరట్లో పడవ మోటారు విప్పుకుని కూర్చున్నాడు ఎలియేసర్. అతని ఇంటి కప్పు మీద ఒక్కటంటే ఒక్క ఇగ్వానా లేదు.

"నీ కప్పు ఖాళీగా ఉందేం?"

"ఏళ్లతరబడి ఉన్నాయి. రేకులెలా వంగాయో చూడు. నీకు చెప్పిన రాత్రే దిగి వెళ్లిపోయాయి."

నూరిస్‌కి ఒళ్లు మండింది. "ఎక్కడికి పోయాయనుకున్నావు? మా ఇంటి మీదికొచ్చి కూచున్నాయి! నువ్వు నీ బరువు దించుకుని హాయిగా నిద్రపోతున్నావు. నేనేమో కప్పులు ఉడకబెట్టుకుని చస్తున్నాను!"

"కప్పులా? ఎందుకు?"

"నువ్వు తాగావని!"

అతని మొహం వాడిపోయింది. ఆమె మాత్రం ఆగలేకపోయింది. "నువ్వంటే ఇష్టం, నీ ఒళ్లంటే భయం. నాకొస్తుందని భయం. వచ్చాక నువ్వు పోతే నన్నెవడు చూస్తాడని భయం. రేపు బిడ్డ పుడితే, దానికి గనక అంటుకుంటే..."

ఎలియేసర్ చేతిలో పానా కిందపడింది. "బిడ్డకా?" అన్నాడు. "బిడ్డ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు నూరిస్." మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

పైన రేకు మీద గోళ్లు గీసుకున్న చప్పుడైంది. ముదురు ఇగ్వానా ఒకటి ఎక్కి అంచున సర్దుకుంది. వీధి చివర, నూరిస్ ఇంటి వైపు నుంచి ఇంకొన్ని నింపాదిగా నడిచొస్తున్నాయి. వాటి కోసం మోటారుబండ్లు ఆగాయి, డ్రైవర్లు విసుక్కోను కూడా లేదు.

"వదిలేస్తానని చెప్పడానికే వచ్చావు కదూ?" అన్నాడతను.

"అవును."

అతను బతిమాలలేదు. చేతుల గ్రీజు గుడ్డకి రుద్దుకుంటూ ఉండిపోయాడు. గ్రీజు పోయినా ఆ రుద్దుడు ఆపకపోవడం చూసి నూరిస్ వెళ్లిపోలేక అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. "రేపు డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పోదాం. బిడ్డ సంగతి నువ్వే అడుగు. నాకు నోరు పెగలదు," అంది.

"అడుగుతాను. నువ్వు పక్కనుంటావా?"

పైన రేకు కిర్రుమంది. ఇద్దరూ తలెత్తి చూశారు.

"ఉంటాను," అంది నూరిస్.