లతీఫా హోటల్ల కుస్తీ తీర్పులు

ఆదివారం పొద్దుగాల లతీఫా ముందుగాల బెంచీలు బయటికి గుంజుతది. తర్వాత బజ్జీల పిండి కలుపుతది. అది అయినంక డబ్బా టీవీ మీద పండుకున్న పిల్లిని లేపి, దుప్పటి తీసి దులుపుతది. ఏన్కూరు నుంచి కారేపల్లి పొయ్యే తొవ్వల, జామాయిల్ తోట దాటంగనే ఉంటది ఆమె హోటల్. హోటల్ అంటే మరీ పెద్దగ అనుకునేరు. నాలుగు రేకులు, రెండు పొయ్యిలు, గంతే.

ఆ టీవీని ఆమె పెనిమిటి సర్వర్ తొంభై ఎనిమిదిల ఖమ్మం నుంచి బస్సు టాపు మీద తెచ్చిండు. సర్వర్ పోయిండు, పాపం. డిష్ వైరును కోతులు తెంపినయి. టీవీ మాత్రం ఆదివారం సాయంత్రం నాలుగైతే చాలు, దానంతటదే తెరుసుకొని కుస్తీల ప్రోగ్రాం చూపిస్తది. కరెంటు ఉన్నా లేకున్నా దానికి ఫరక్ లేదు. తొంభై ఎనిమిదిల ఏ పహిల్వాన్లు ఉండిరో ఇప్పటికీ వాళ్ళే. ఒక్కనికన్న వెంట్రుక నెరవలే. కుస్తీలు మాత్రం ప్రతి వారం కొత్తయి.

ఒక్కో కుస్తీ ఒడువంగనే ఓడినాయన టీవీలకెల్లి దిగి చాయ తాగనీకి వస్తడు. గెలిచినోళ్ళు రారు. వాళ్ళకు బెల్టులు, ఫొటోలు, వాళ్ళ షాన్ వాళ్ళది. ఓడినాయన తలకాయ తగలకుండ వంగి, ఒక్కో కాలు బయట పెట్టుకుంట, చెమటలు కార్చుకుంట దిగుతడు. మొదట్ల బెంచీలు శానా ఇరిగినయి. లతీఫా తిట్టీ తిట్టీ యాష్టకొచ్చి, కిరాయి ట్రాక్టర్ పెట్టి గ్రానైట్ రాయి ఒకటి తెప్పించి వేయించింది. ఇప్పుడు పహిల్వాన్లంత దాని మీదనే కూసుంటరు. ప్రోగ్రాం అయిపోకముందే మళ్ళ లోపలికి పోవాలె గాబట్టి చాయ జల్దీ జల్దీ తాగుతరు.

అయితే చాయ ఉత్తగనే రాదు. ద్వాలి చెప్పేది ఇనాలె.

ద్వాలిది తొవ్వకు ఆవలున్న ఎర్రగుట్ట తండ. అరవై దాటింది. సర్వర్ ఉన్నప్పటి నుంచి ఒక్క ఆదివారం తప్పియ్యలే. ఏ కుస్తీ మంచిగున్నది, ఏది బాగలేదు, ఎవడు ఒళ్ళు దాచుకున్నడు, అంత ఆమెనే తేల్చాలె. ఆమె మాటలు ఇననీకే జనం బండ్లు ఆపుకొని కూసుంటరు.

వేసవి ఆఖర్ల ఒక ఆదివారం గిట్లనే కూసున్నరు. మొదటి కుస్తీల నడుముకు ఎద్దు గంటలు కట్టుకున్నాయన, ముసుగాయన కొట్టుకున్నరు. ముసుగాయన ఓడి దిగిండు.

"ఏంది నాయిన గది? పది నిమిషాలు ఇద్దరు కావలిచ్చుకొని నిలబడితిరి" అన్నది ద్వాలి. "ఆ గంటలు మోగకపోతే నాకు నిద్ర వస్తుండె. నువ్వు తాడు మీదికెల్లి దుంకింది ఒక్కటే బాగున్నది. అది గూడ ఆయన జరిగినంక దుంకితివి."

ముసుగాయన ముసుగులకెల్లే చాయ ఊదుకుంట తలకాయ ఊపిండు.

రెండో దాంట్ల కోటు పహిల్వాను రెఫరీ అటు తిరిగినప్పుడు ఇనుప కుర్చీ తోని కొట్టి గెలిచిండు. "దొంగ గెలుపు. నేను లెక్కపెట్ట" అన్నది ద్వాలి. ఓడినాయనకు లతీఫా ఇంకో బజ్జీ వేసింది.

మూడో దాంట్ల పసుపు లాగు తొడుక్కున్న పహిల్వాన్, అందరు పసుపు లాగాయన అంటరు. ఆయన పేరేందో ఎవ్వలకు తెల్వదు. ఆయన ఇన్నేండ్లల ఒక్కసారి గెలువలే. ఎప్పుడు చూసినా ఆయనదే ఓటమి, గందుకే ప్రతి ఆదివారం చాయకొస్తడు, గందుకే కారేపల్లి తెలుగు మంచిగ పట్టువడ్డది. ఆ దినం గుండు పహిల్వాన్ ఆయనను నెత్తి మీదికి లేపి దబ్బున ఎత్తేసిండు. హోటల్ల రేకులు గూడ అదిరినయి.

"అబ్బ! ఏం పడ్డవ్ బిడ్డా!" అన్నది ద్వాలి. "కొట్టుడు ఎవనికైనా వస్తది. పడుడు నీ తర్వాతనే ఎవడన్న."

పసుపు లాగాయన సిగ్గుపడి చాయల బిస్కెట్ ముంచుకున్నడు.

నాలుగోది జోడీ కుస్తీ. ఎర్ర అంగీలేసుకున్న అన్నదమ్ములు ఇద్దరు ఒక దిక్కు. వాళ్ళు మంచిగనే కొట్లాడుతున్నరు. నడుమల ఏమైందో ఏమో, తమ్ముడు కుర్చీ అందుకొని సొంత అన్న నెత్తి మీదనే ఒక్కటిచ్చిండు. హోటల్ల జనం "అరెరే" అని లేసి నిలబడ్డరు. ఆ అన్న దిగొచ్చి రాయి మీద కూసోని ద్వాలి దిక్కు చూసిండు. ద్వాలి చాయ గ్లాసు కింద పెట్టి మొఖం అటు తిప్పుకున్నది. ఎందుకో అందరికి ఎరుకే.

ద్వాలికి ఇద్దరు కొడుకులు. పెద్దోడు మంగీలాల్, చిన్నోడు పూల్‌సింగ్. ఇద్దరి చేన్లు పక్కపక్కనే, నడుమ ఒక గట్టు. నిరుడు దుక్కి దున్నంగ ఒకడు గట్టును నాగలితోని చెక్కిండని ఇంకోడన్నడు. మాట మాట పెరిగింది. పోయిన నెల తండ నాయక్ రెడ్యా ముందట ఇద్దరు గట్టు మన్ను పిడికిట్ల పట్టుకొని ఒట్టేసిండ్రు. ఆ తండల అదొక పద్ధతి. మన్ను పట్టి ఒట్టేస్తే మిరుగం కార్తెల మొదటి వాన పడ్డ తెల్లారి గట్టు మీద కట్టెలు పట్టుకొని తేల్చుకోవాలె. ఎవని ఈపు నేలకు తాకితే వాడు గట్టు ఇడిసిపెట్టాలె. ఎనుకకు తగ్గితే ఇగ తండల వాని మాటకు ఇలువుండదు. ఈ కొడుకుల చిన్నాయిన గట్లనే ఒక గట్టు మీద తల పగిలి పోయిండు. ఆ శవానికి నీళ్ళు పోసింది ద్వాలినే.

తర్వాతి కుస్తీ నడుస్తుండంగ, జనమంత టీవీ దిక్కు చూస్తుంటే, ద్వాలి పసుపు లాగాయన పక్కపొంటి వచ్చి కూసున్నది.

"బిడ్డా, నాకొక సాయం చెయ్యాలె. నా కొడుకులకు పడుడు నేర్పు."

"అవ్వా, నాకు గెలుసుడు రాదు" అన్నడాయన.

"గెలుసుడు నాకెందుకు? ఇద్దరు పానంతోని ఇంటికి రావాలె, గంతే."

"ఏ కొడుకుకు నేర్పాలె?"

ద్వాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "ఏ కొడుకని చెప్పుదు నాయినా?" అన్నది. "ఎవడు వస్తే వానికి నేర్పు."

ఇంటికి పోయి ఇద్దరికి చెప్పింది. మంగీలాల్ తల్లి మీద గయ్యిమన్నడు. "యాడీ, నన్ను నలుగురిల నవ్వులపాలు చేస్తవా? ఓడుడు నేర్చుకోవాల్నా నేను?" పూల్‌సింగ్ ఇంకా ఎక్కువ చేసిండు. "నీ పెద్ద కొడుకుకే నేర్పియ్యి యాడీ. ఆయనకే అక్కెరకొస్తది" అని బండి కిక్కు కొట్టి పోయిండు. ఆ దినం నుంచి ద్వాలి బువ్వ సరిగ తినలే. జరమొచ్చింది. కుస్తీలకు గూడ పోలే.

ఆమె రాని ఆదివారం, మూడో కుస్తీ నడుస్తుండంగ, హెల్మెట్ పెట్టుకున్నోడొకడు హోటల్ ఎనుక దిక్కుకెల్లి వచ్చిండు. హెల్మెట్ తియ్యలే.

"బజ్జీ గూడ గందులకెల్లే తింటవా పూల్‌సింగ్?" అన్నది లతీఫా.

"మెల్లగ చిన్నమ్మా! నేనొచ్చినట్టు ఎవ్వలకు చెప్పకు. నీకు దండం పెడత."

"చెప్ప తియ్. ఒట్టు."

పసుపు లాగాయన ఓడి దిగంగనే, చాయ గూడ తాగకుండ, వాన్ని ఎనుక వరిగడ్డి కుప్ప దగ్గరికి తీస్కపోయిండు. గడ్డం లోపలికి గుంజుకోవాలె అన్నడు. రెండు చేతులు ముందుగాల నేలను చరవాలె, తలకాయ తాకొద్దు అన్నడు. కట్టె తగలకముందే పడాలె, తగిలినట్టు అరవాలె. పూల్‌సింగ్ పడ్డడు, లేసిండు, మళ్ళ పడ్డడు. హెల్మెట్ నిండ గడ్డి.

"పడ్డంక లెవ్వకు" అన్నడు పసుపు లాగాయన. "కండ్లు ముయ్యి. ఊపిరి సన్నగ తియ్యి. గెలిచినాయన వచ్చి నీ మీద చెయ్యి పెట్టెదాక ఓపిక పట్టాలె."

"సిగ్గనిపియ్యదా అన్నా నీకు? గింతమంది చూస్తుంటే?"

"మొదట్ల అనిపిస్తది. తర్వాత చాయ తాగుతవ్."

లతీఫా తలుపుకాడ నిలబడి అంత చూసింది. "తండల అంత డాంబికం కొడితివి గదరా. మరి గిదెందుకు?" అని అడిగింది.

పూల్‌సింగ్ హెల్మెట్ తీసిండు. కండ్లు ఎర్రగున్నయి. "చిన్నప్పుడు అన్ననే నన్ను భుజం మీద ఎక్కించుకొని గీ హోటల్‌కు తెచ్చేటోడు, చిన్నమ్మా. ముందు నిలబడ్డోళ్ళు అడ్డమొస్తే నాకు కుస్తీలు కనబడయని. ఆయన నెత్తి పగులగొట్టి ఆ గట్టు నేనేం చేసుకోవాలె? గట్టు ఆయననే తీసుకోనీ."

లతీఫా వానికి చాయ పోసింది.

మిరుగం వాన పడ్డది. తెల్లారి తండ తండంత చేను కాడికి పోయింది. లతీఫా గూడ హోటల్ బందువెట్టి పోయింది. ద్వాలిని ఇద్దరు పట్టుకొని నడిపించుకొచ్చిండ్రు. భూమంత తడిసి మెత్తగున్నది, అరకలు కట్టుకున్నోళ్ళు గూడ ఎడ్లను ఆపుకొని నిలబడ్డరు. రెడ్యా చెరొక కట్టె చేతికిచ్చి గట్టు దిగిండు.

మంగీలాల్ కట్టె పైకి లేపిండు. పూల్‌సింగ్ లేపిండు. ఇద్దరు ఒక్కసారే ఉరికిండ్రు. కట్టె కట్టెకు తగిలిందో లేదో, "అమ్మో" అని ఒక అరుపు, "సచ్చిన్రో" అని ఇంకో అరుపు. దబ్, దబ్. అన్న అటు దిక్కు చేన్ల, తమ్ముడు ఇటు దిక్కు చేన్ల, ఇద్దరు ఎల్లెలుకల పడ్డరు.

ఇద్దరిల ఎవ్వలు కదలలే. ఆడోళ్ళు శోకాలు మొదలువెట్టిండ్రు. ఇద్దరు ఒక్కసారే పోయిండ్రని రెడ్యా నెత్తి పట్టుకున్నడు.

ద్వాలి ఏడువలే. ఆమె ఎన్ని పడుడ్లు చూసింది! గడ్డాలు లోపలికి ఉన్నయి, నాలుగు చేతులు ముందు నేలను చరిచినయి. ఆమె లతీఫా దిక్కు తిరిగి చూసింది.

"చిన్నోడు ఒక ఆదివారం వచ్చిండు అక్కా, పెద్దోడు ఇంకో ఆదివారం" అన్నది లతీఫా మెల్లగ. "ఇద్దరు ఒట్టు పెట్టించుకున్నరు. నన్నేం చెయ్యమంటవ్?"

గట్టుకు అటు మంగీలాల్ ఆగుతున్నడు, తమ్ముడొచ్చి మీద చెయ్యి పెడతడని. ఇటు పూల్‌సింగ్ ఆగుతున్నడు, అన్నొచ్చి పెడతడని. శానాసేపైంది. ఆడోళ్ళ శోకాలు పెరిగినయి. "మంగీలాలూ, మమ్ముల ఇడిసి పోతివా కొడకా" అని ఎవలో ఏడ్చిండ్రు. ఆ మాటకు పూల్‌సింగ్ ఒక కన్ను తెరిసి గట్టు మీదికెల్లి చూసిండు. అన్న కదుల్తలేడు. నేర్చినదంత మర్చిపోయిండు వాడు. గట్టు మీదికెల్లి పాక్కుంట పోయి అన్న మెడ రెండు చేతుల పట్టుకొని గుండెకు హత్తుకున్నడు.

"అన్నా! ఓ అన్నా! నేను కట్టె తాకియ్యలే అన్నా!"

మంగీలాల్ కండ్లు తెరువకుండనే పండ్లు కొరికిండు. "పిచ్చోడా, ఏడువకు. మీద చెయ్యి పెట్టు. నువ్వు గెలవాలె."

"నేనెందుకు గెలుస్త? నేను ఓడిపోదామనే గదనే వచ్చింది!"

మంగీలాల్ అప్పుడు కండ్లు తెరిసిండు. తమ్ముని మొఖం, మొఖం మీది బురద, నెత్తిల ఇంకా ఇరికి ఉన్న గడ్డి పోచ చూసిండు. ఆయన కండ్లల్లకెల్లి నీళ్ళు కారినయి.

"ఇద్దరు ఓడితే గట్టు ఎవలకు రెడ్యా?" అని ఎవలో అడిగిండ్రు. రెడ్యాకు తెల్వలే. గసుంటిది ఆ తండల ఎప్పుడు కాలే. ద్వాలి వచ్చి, కట్టుకున్న పేటియ లంగ దగ్గరికి తీసుకొని, ఆ గట్టు మీద సక్కగ కూసున్నది.

"గట్టు నాకు. కందులు పెట్టుకుంట" అన్నది. "లెవ్వుండ్రి, తడి ఆరితే పదును పోతది. అరకలు కట్టుకోండ్రి."

"ఇడువురా, మెడ నొస్తున్నది" అన్నడు మంగీలాల్.

పూల్‌సింగ్ ఇడువలే.