నగరిలో రంగు మారిన పగడం

నగరిలో నూలుకు రంగు వేసే తులసీరాం ఇంట్లో నెల రోజులుగా బావమరిది పేరెత్తకూడదు.

ఆ బావమరిది హేమచంద్ర తిరుపతిలో అలంకారపు చేపలు అమ్ముతాడు. అక్క నాగరత్నమ్మ ముచ్చటపడిందని తన ఉప్పునీళ్ల తొట్టిలోని బతికున్న పగడాన్ని రెండుగా కోసి, సగాన్ని వేరే తొట్టిలో పెట్టి ఇచ్చాడు. అక్కడ ఊదారంగులో మెరిసిన పగడం ఇక్కడికొచ్చి బెల్లం రంగుకు తిరిగింది.

"నాసి సగం నాకు అంటగట్టినాడు. రంగులోడికే మోసమా! మన పాప చెవులు వాని ఒళ్లో కుట్టించేది లేదు" అన్నాడు తులసీరాం.

మేనమామ ఒళ్లో కాకుండా చెవులెట్లా కుట్టిస్తారు? నాగరత్నమ్మ రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు తమ్ముడికి ఫోను చేసింది. మధ్యాహ్నం బస్సుకే దిగాడు.

"తొట్టి యాడుండాది బావా?"

"పో, సూడు నీ దొంగసరుకు."

తొట్టి వెనక గదిలో ఉంది. కిటికీ మూసుంది. పైన దుప్పటి కప్పి ఉంది.

"ఏంది బావా, దీనికి సలిజరమా?"

"వెలుతురు తగిలితే రంగు యెలిసిపోదా? నూలు నీడన ఆరేస్తామా లేదా? ముప్పై ఏండ్లుగా నేను..."

హేమచంద్ర నేల మీద చతికిలబడి నవ్వాడు. నాగరత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నూలుకు మనం రంగేస్తాం బావా. ఇది ప్రాణముండేది, దాని రంగు అదే పుట్టించుకుంటాది. వెలుతురు పడితే గొడుగు పట్టినట్టు రంగు పైకి తెస్తాది. సీకట్లో పెడితే ఒంట్లోని పాచి పెరిగి ఇట్లా మాడిపోయినట్టుంటాది."

తులసీరాం దుప్పటి మడిచాడు. సగం నీళ్లు తోడి, ఇద్దరూ తొట్టిని ముందుగదిలోకి మోశారు. పైన తెల్లలైటు కట్టారు.

"రంగు తిరిగొచ్చినాకే ముహూర్తం" అన్నాడు తులసీరాం, బింకం చావక.

యాభై రోజులు పట్టింది. వచ్చింది మాత్రం ఊదా కాదు, చిలకపచ్చ. తులసీరాం తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఫోను తీశాడు.

"పచ్చగా వచ్చిందప్పా!"

"నాది నీలం లైటు, నీది తెల్లది. నీళ్లూ వేరే. ఒకే రంగును రెండు బావుల నీళ్లలో కలిపితే నీకు ఒకటే తేల్తాదా?"

తేలదు. ఆ సంగతి ఊళ్లో తనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"శుక్రవారం పెందలాడే రాప్పా" అన్నాడు తులసీరాం. "నువ్వు లేకుండా ఎట్ల కుట్టేది?"

శుక్రవారం సూది చెవికి తాకగానే పాప మామ ముక్కు మీద ఈడ్చి తన్నింది. అందరికంటే గట్టిగా నవ్వింది తులసీరామే.