గాలి వరుస

పత్తిలోంచి గింజలు తీసే మా జిన్నింగు మిల్లులో పొద్దుగూకేవేళ ఒక తంతు జరిగేది. పని దిగిన ఆడవాళ్లంతా కొప్పులు విప్పుకుని కంప్రెసర్ గది ముందు వరుసగా నిలబడేవాళ్లు. ఫిట్టర్ భీమన్న రబ్బరు పైపు పట్టుకుని ఒక్కొక్కరి జుట్టుకూ చీరకూ గాలి కొట్టేవాడు. ఒంటికి అంటుకున్న పత్తి నూగు తెల్లగా లేచిపోయేది. గాలి పట్టించుకోవడం అంటారు దాన్ని. పట్టించుకోకపోతే పెద్దకడుబూరు పోయే ఆటోవాడు ఎక్కించుకోడు, ఇంటికెళ్లాక అన్నంలో కూడా నూగే. నేను ఆదోనికి కాపురానికొచ్చే నాటికే ఆ వరుస ఉంది. మా మామగారు ఇంద్రసేనయ్య దాన్ని తన పనివాళ్లకు తాను చేసే మర్యాదగా చెప్పుకునేవారు.

అసలు ఆ గాలి జిన్నింగు మిషన్ల పళ్లలో ఇరుక్కున్న గింజల్ని పెకలించడానికి పెట్టింది. గింజను పెకలించే గాలి మనిషిని ఊరికే వదులుతుందా?

పోయిన సీజను చివర్లో ఒకరోజు, మా కూలీల్లో ఒకతె, భారతి వంతు వచ్చింది. కుడిచెవి పక్కన పత్తి ముద్దకట్టి, ఎంత గాలి కొట్టినా ఊడి రాలేదు. "బీమన్నా, చెవి కాడ పట్టన్నా" అని తనే తల వంచింది. అతను పట్టాడు. ఆ కేక ఆఫీసు గదిలో ఉన్న నాకు వినబడింది. పరుగెత్తి వెళ్లేసరికి భారతి చెయ్యంతా నెత్తురు. చెవిలో పొర చిరిగిందనీ, ఆ చెవి ఇక వినబడదనీ డాక్టరు చెప్పాడు.

మామగారు వైద్యం చేయించారు, కాదనను. ఆ తర్వాత ఎవరు ఏమడిగినా ఒకటే జవాబు: "దగ్గర పట్టమని ఆయమ్మే అడిగింది కదప్పా!" ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. అడిగిన భారతిదే తప్పట, పైపు మాత్రం ఏ పాపం ఎరగదట. మర్నాడు వరుస మళ్లీ మామూలే.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ మా అన్నకు తెలిసినవాళ్ల నూలు మిల్లులో ఒక బ్లోయర్ చూశాను. అది గాలిని బిగబట్టి సూదిలా వదలదు. పెద్ద ఫ్యాను తిప్పి, వెడల్పాటి గొట్టంలోంచి ధారాళంగా తోస్తుంది. నేనే జుట్టు విప్పుకుని దాని కింద నిలబడ్డాను. కొంగు రెపరెపలాడింది, జుట్టు మొత్తం ఎగిరింది, చెవికి మాత్రం ఏ బాధా లేదు. అక్కడికక్కడే మా మిల్లుకు ఒకటి పంపమన్నాను. మా ఆయన యశ్వంత్‌కి చెబితే, "నాన్నతో నువ్వే మాట్లాడుకో" అని ఫోనులో తల దూర్చేశాడు. అలాగే కానిమ్మన్నాను.

దసరా ముందర బ్లోయర్ పెట్టె దిగింది.

"ఎవుర్ని అడిగి తెప్పిచ్చినావు సుధా?" అన్నారు మామగారు.

"ఎవర్నీ అడగలేదు మామయ్యా."

"కంప్రెసర్ గాలికే రాని నూగు నీ ఫ్యాను గాలికి వస్తాదా? మీ ఎమ్మిగనూరోళ్లు మగ్గాల కాడ ఇసురుకోండి పోయి. ఈడ మిల్లు నడపాల."

పెట్టె విప్పితే ఊరుకోనని భీమన్నకు చెప్పి, గేటు పక్కన దాని మీద టార్పాలిన్ కప్పించారు.

ఆయుధపూజ నాడు పొద్దున్నే భారతి వచ్చింది. ఆడవాళ్లలో కలవకుండా గేటు దగ్గరే నిలబడిపోయింది.

"చెప్పిపోదామని వచ్చినానమ్మా. ఆ పైపు ఉంటే నేను ఈ సీజనుకు రాను. ఇంగొక చెవే మిగిలింది నాకు."

"మరి యాడికి పోతావు?"

"గోనెగండ్ల కాడ మిరప చేలల్లోకి కూలికి పోతా. ఎండకు మాడినా, పిల్లోళ్లు పిలిస్తే ఇనపడతాది."

"పూజ అయ్యేదాకా ఉండు" అన్నాను. నేనేం చేస్తానో అప్పటికి నాకే తెలియదు. ఆమెను పోనివ్వకూడదని మాత్రం తెలుసు.

మిషన్లన్నిటికీ కుంకుమ పెట్టారు. కంప్రెసర్‌కి అన్నిటికంటే పెద్ద బంతిపూల దండ. గుమ్మడికాయ కొట్టారు. పూజ కాగానే మొదటి గాలి ఒక ఆడమనిషికి పట్టించడం మా మిల్లులో ఆనవాయితీ.

"రండమ్మా, ఎవురో ఒగరు రండి" అన్నారు మామగారు.

ఒక్కరూ కదల్లేదు. అందరి కళ్లూ గేటు దగ్గరున్న భారతి మీదే.

నేను పిన్నులు తీసి జుట్టు విప్పుకుంటూ వెళ్లి పైపు ముందు నిలబడ్డాను. "నాకు పట్టించండి మామయ్యా. భీమన్న కాదు, మీరే పట్టాలి."

భీమన్న బతుకుజీవుడా అని పైపు ఆయన చేతిలో పెట్టేశాడు.

"యాగీ సెయ్యొద్దు సుధా. అందరూ సూస్తాండారు."

"చూడనివ్వండి. చెవి కాడ పట్టండి. నేనే అడుగుతున్నాను కదా!"

ఆయన ముఖం నల్లబడింది. పైపు పట్టుకున్న చెయ్యి కొంచెం లేచి, మళ్లీ దిగిపోయింది. అప్పుడు గేటు దగ్గర్నుంచి భారతి గొంతు ఖంగుమంది.

"సావుకారీ! నేను అడిగితే పట్టిస్తిరి. మీ కోడలు అడిగితే చెయ్యి యాల రాకపాయ?"

మామగారు పైపును కింద వదిలేశారు. నేను ఊరుకుంటే ఆయన దాన్ని రేపు మళ్లీ భీమన్న చేతికి ఇస్తారని నాకు తెలుసు. పూజలో పెట్టిన భీమన్న కత్తి తీసుకుని, కుంకుమబొట్టుతో ఉన్నదాన్ని అలాగే, ఆ రబ్బరు పైపును నడిమికి కోసేశాను.

"పెట్టె విప్పు భీమన్నా."

అతను మామగారి వైపు చూశాడు. మామగారు కంప్రెసర్ వైపు చూశారు. ఈలోగా ఆడవాళ్లే టార్పాలిన్ లాగిపడేశారు.

బిగించేసరికి సాయంత్రమైంది. భారతి తనే గోదాములోంచి గుప్పెడు పత్తి తెచ్చి, నలిపి నెత్తిన చల్లుకుని వరుసలో ముందు నిలబడింది. స్విచ్ వేశాను. ఆమె జుట్టు ఒక్కసారిగా లేచింది, నూగంతా ఎగిరిపోయింది. కొంత ఎగిరి వెళ్లి అరుగు మీద కూర్చున్న మామగారి పట్టుపంచె మీద వాలింది. ఆయన దులుపుకోలేదు, లేచి వెళ్లనూ లేదు.

అప్పుడు భారతి పక్కకు తిరిగింది. చెడిన చెవిని కాదు, మిగిలిన ఆ ఒక్క చెవినే గాలి వైపు తిప్పి, చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడింది.

"భారతీ, ఇనపడతాందా?" అని గట్టిగా అరిచాను.

"అంత అరిసేదెందుకమ్మా? నాకు ఇనపడతాంది. సావుకారికి ఇనపడతాందేమో అడుగు!"