తలుపులో విరిగిన మొన

అరవయ్యో ఏట అక్షరాలు దిద్దాను. ఒత్తులు తప్పితే మన్నించండి. ఒక్కో మాటకీ కాసేపు ఆగి రాస్తాను, మీరూ తొందరపడకుండా చదవండి.

స్నేహితులు 'పులి' అని పిలిచే ఒకతను, తాత యుద్ధం నుంచి తెచ్చిన బాయ్‌నెట్‌ను, అంటే తుపాకీ చివర బిగించే కత్తిని, తువ్వాల్లో చుట్టుకుని పాత ఆయుధాలు కొనే కొట్టుకు వచ్చాడు. వెనకాలే అతని భార్య. ఎడమ కన్ను కింద వాపు ఇంకా దిగలేదు. దారి పొడవునా ఆమెది ఒకటే తలపు: కొట్టాయన దీన్ని అసలు సరుకేనని కొనాలి. ఈ ఇనుము మళ్లీ మా గడప తొక్కకూడదు. అది తన గొంతు మీద ఎన్నిసార్లు ఆనిందో ఆమెకే లెక్క తెలియదు.

కొట్టాయన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. ఒర మీద నంబరూ, కత్తి మీద నంబరూ ఒకటే. పిడి మరలు ఎవరూ విప్పిన జాడ లేదు.

"సాన కూడా పట్టలేదు. బాగుంది," అన్నాడు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయన కత్తిని వెలుతురుకు తిప్పి చూశాడు. నల్లపూత మీద నిలువునా సన్నటి మెరుపు గీతలు.

"రోజూ దూసి, మళ్లీ ఒరలో తోసిన గీతలివి బాబూ."

"మా తాత దూశాడు. యుద్ధమంటే ఊరికే అనుకున్నావా?"

"తాతగారి నాటివైతే ఈపాటికి నల్లబడేవి. ఇవి నిన్నా మొన్నటివి." స్కేలు పెట్టి కొలిచాడు. "గోరంత పొట్టిగా ఉంది. విరిగిన మొనని ఆకురాయితో అరగదీశారు, అదీ చేతకాకుండా. ఇది అసలు స్థితిలో లేదు. నాకొద్దు."

"నువ్వే! నువ్వే ఏదో చేసుంటావు, దరిద్రపు మొహమా!" పులి ఆమె చెంప ఛెళ్లుమనిపించాడు. ఆమె అద్దాల బీరువాకి కొట్టుకుంది. అద్దం పగిలింది, పెదవి చిట్లింది.

"నా కొట్లో ఆ వేషాలు వద్దు!" కొట్టాయన లేచాడు.

"నా పెళ్లాం, నా ఇష్టం. పదవే ఇంటికి. ఈసారి ఏ తలుపు అడ్డమొస్తుందో చూస్తా."

ఆమె కదల్లేదు. కొంగుముడి విప్పి చిన్న ఇనప ముక్క బల్ల మీద పెట్టింది. కొట్టాయన దాన్ని కత్తి చివర ఆనించాడు. ఆకురాయి తిన్నంత సందు తప్ప, కత్తి నడుమ గాడీ, ముక్క మీది గాడీ తిన్నగా కలిశాయి.

"ఎక్కడ విరిగిందమ్మా?"

"మా స్నానాలగది తలుపులో అయ్యా. అవతల నేనూ, నా కూతురూ ఉన్నాం."

పులి బాయ్‌నెట్ లాక్కుని ఆమె మీదికి దూకాడు. అడ్డొచ్చిన కొట్టాయన ముంజేయి తెగింది. నెత్తురు గోడ మీద చిమ్మింది. ఆమె చేతికి ఇనప ఒర దొరికింది. దాన్ని రెండు చేతులా ఎత్తి అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక పుటుక్కుమంది, బాయ్‌నెట్ కింద పడింది. మోకాలి మీద కొట్టింది. పడ్డాక వీపు మీద కొట్టింది.

"ఆపమ్మా, చస్తాడు!"

"వీడు దూసినన్నిసార్లు కొట్టనివ్వండి అయ్యా! అప్పుడే అలిసిపోయావా రా, పులీ?"

కొట్టాయన ఎడమ చేత్తో ఒర పట్టుకునేదాకా ఆమె ఆగలేదు.

కోర్టులో పులి, అది తాత జ్ఞాపకమనీ, ఎన్నడూ ఒర దాటలేదనీ ఏడ్చాడు. కొట్టాయన అది ఎందుకు అసలు స్థితిలో లేదో ఒక్కో గీతా చూపించి చెప్పాడు, పోలీసులు తీసిన తలుపు చెక్కలోని రంధ్రం కొలతతో సహా. పులికి ఏడేళ్ల శిక్ష పడింది. బాయ్‌నెట్, దాని మొన పోలీసు బీరువాలో ఉండిపోయాయి. ఆ ఇనుము ఆమె గడప మళ్లీ తొక్కలేదు.

ఆమె మనసులో మాట ఆమే నాకు చెప్పింది. కొట్టాయన మా ఆయనే. చేతి మీద ఆ కోత మచ్చ ఆయన పోయేదాకా ఉంది.

ఇట్లు,
కొట్టు పెద్దమ్మ, డెబ్బై రెండేళ్లు. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.